స్క్రూ లేని ఫోను

రిపేరు కాని ఫోనంత గొప్ప వరం ఈ కాలపు మనిషికి మరొకటి లేదు!

నవ్వకండి. ఇది ఊరికే అన్న మాట కాదు. భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు మెయింటెనెన్స్ చేసి, డిప్యూటీ జనరల్ మేనేజరుగా రిటైరైన గురుమూర్తిగారి అనుభవంలోంచి, సాక్షులతో సహా నిరూపించబోతున్న సత్యం. ముందు వినండి. ఆ తర్వాత మీ ఫోనుకు దణ్ణం పెట్టుకుంటారో, గోడకేసి కొడతారో మీ ఇష్టం.

గురుమూర్తిగారి ఉద్యోగమంతా విప్పడమూ, బిగించడమూ. మిల్లు ఆగిపోయిందంటే ఆయన జీపు వచ్చేది. గేరుబాక్సు మూత తీయించి, లోపలికి తల దూర్చి, చెవి పెట్టి, "బేరింగు పోయింది, మార్చండి" అనేవారు. మిల్లు కదిలేది. ఇంట్లోనూ అదే వరస. మిక్సీ, ఇస్త్రీపెట్టె, భార్య మణిమాల కుట్టుమిషను, ఏదీ ఆయన స్క్రూడ్రైవరు రుచి చూడకుండా బతికి బట్టకట్టలేదు. బాగుచేశాక ఒకటో రెండో స్క్రూలు మిగిలేవి. "కంపెనీవాడు ఎక్స్‌ట్రా ఇచ్చాడు" అని వాటిని డబ్బాలో పడేసేవారు.

అలాంటి మనిషి రిటైరయ్యాక ఒక ఖరీదైన ఫోను కొన్నారు. దానికి స్క్రూ లేదు. సందు లేదు. వెనక మూత లేదు. నున్నటి అద్దం బిళ్ల! భూతద్దం పెట్టి గంటసేపు వెతికారు. ఓడిపోయారు. ఓడించినందుకే దాన్ని ప్రేమించారు.

"చూశావా మణీ, గాలి కూడా దూరదు. ఇంజనీరింగంటే ఇదీ!"

"గాలి దూరకపోతే మరి దానికి ఊపిరెలా ఆడుతుందండీ?" అంది మణిమాల.

ఆడవాళ్లకు టెక్నాలజీ తెలియదని ఆయన జాలిపడ్డారు. ఆ వాక్యం గుర్తుంచుకోనక్కర్లేదు గానీ, ఆ జాలి ఎన్నాళ్లు నిలిచిందో మాత్రం చూడండి.

ఫోను కొన్న వేళావిశేషం, ఆయనకొక గొప్ప ఆలోచన వచ్చింది. ప్లాంటు కట్టే రోజుల్లో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ల జ్ఞాపకాలన్నీ పోగుచేసి పుస్తకం వేయాలి. తెలుగు సమాజం కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆ కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకోవడమే చరిత్రలో రాయదగ్గ సంగతి!

ఎనిమిది నెలలు తిరిగారాయన. రుఆబాంధా, ఉతై, కుమ్హారి, ఎక్కడ పెద్దవాళ్లుంటే అక్కడికి. టీపాయ్ మీద ఫోను పెట్టడం, ఎర్ర బొత్తాం నొక్కడం, "ఊఁ, చెప్పండి" అనడం. మొత్తం ముప్పై ఒక్కమంది. ముప్పై ఒక్క గొంతులూ ఆయన చొక్కా జేబులో పట్టేశాయి.

"ఇంకోచోట కూడా కాపీ పెట్టుకోకూడదూ? ఇంటర్నెట్‌లో దాస్తారట కదా" అంది మణిమాల.

"ఎవడిదో కంప్యూటర్లో మనవాళ్ల మాటలెందుకు? నా జేబుకంటే భద్రమైన చోటేదీ?"

మే నెల వచ్చింది. భిలాయిలో మే అంటే మీకు తెలుసుగా, ఫర్నేసులోంచి బయటికొచ్చినవాడు కూడా రోడ్డు మీద చెమట తుడుచుకుంటాడు. గురుమూర్తిగారు కూలరులో నీళ్లు నింపుతూ ఫోను తీసి కూలరు నెత్తిన పెట్టారు. లోపల్నించి మణిమాల స్విచ్చి వేసింది. ఆ కూలరు గురుమూర్తిగారు స్వయంగా బాగుచేసింది కాబట్టి, తిరగడం మొదలెడితే రైలింజనులా ఊగుతుంది. ఊగింది. ఫోను జారి కింద నీళ్ల టబ్బులో పడింది.

తీసి తుడిచారు. అది ఒకసారి వెలిగి, కంపెనీ గుర్తు చూపించి, సెలవు తీసుకుంది.

ఇక వరాలు మొదలయ్యాయి! ఫోను పోయిన మొదటి రోజే ఆయనకు పూలబొకేల గుడ్‌మార్నింగులు నూట అరవై తప్పాయి. మోకాళ్ల నొప్పులకి మందు చెప్పే వైద్యుడు, మోకాళ్ల నొప్పులకి ఏ మందూ వాడొద్దనే డాక్టరు, ఇద్దరూ మాయమయ్యారు. తెలుగు సమాజంలో ఒక వర్గం మీద ఇంకో వర్గం పంపే ఫిర్యాదులు అందలేదు. దాంతో రెండు వర్గాలూ వేరే దారిలేక ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సి వచ్చింది! పక్క క్వార్టర్లో ఉండేది మిశ్రాగారు కాదనీ, ఆయన ఖాళీచేసి రెండేళ్లయిందనీ గురుమూర్తిగారికి ఆరోజే తెలిసింది. ఏ ఫోను పనిచేస్తే ఇన్ని లాభాలొస్తాయి చెప్పండి?

కానీ మనిషి వరాన్ని వరంగా తీసుకోడు కదా. మర్నాడే ఆయన కారేసుకుని, కుమ్హారి దగ్గర లారీల వెనక గంటసేపు పాకి, రాయపూర్‌లో కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్లారు.

కౌంటరులో పద్మశ్రీ అనే అమ్మాయి కూర్చుంది. పేరు చూసి ఆయన తెలుగులో పలకరించారు.

"మా మమ్మీవాళ్లది బొబ్బిలి సర్. నాకు థోడా థోడా వస్తాది. ఏటైంది ఫోనుకి?"

"నీళ్లలో పడిందమ్మా."

"లిక్విడ్ డ్యామేజ్. వారంటీలో రాదు సర్."

"నీళ్లలో పడినా ఏమీ కాదని డబ్బామీద రాశారుగా?"

"అవును సర్, ఏమీ కాదు. ఒకవేళ అయితే మాత్రం వారంటీ రాదు."

గురుమూర్తిగారు ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. దానికీ ఎక్కడా స్క్రూ కనిపించలేదు.

"సరే, మూత తీసి కాస్త ఆరబెట్టండి."

"మేం మూత తియ్యం సర్."

"తియ్యకుండా ఎలా బాగుచేస్తారు?"

"బాగు చెయ్యం సర్. మారుస్తాం. ఇది మాకిచ్చేస్తే వేరే పీసు వస్తాది. దీంట్లో ఉన్నదంతా పోతాది."

"నా ముప్పై ఒక్కమంది?"

పద్మశ్రీ ఆ నల్లటి బిళ్లకేసి కొంచెం భయంగా చూసింది. ఆయన పుస్తకం సంగతి చెప్పారు. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, 'సర్' మానేసి, గొంతు తగ్గించింది.

"అంకుల్, నేను చెప్పినానని ఎవరికీ చెప్పకండి. మీ భిలాయిలోనే, సుపేలా మార్కెట్లో జితేంద్ర భయ్యా ఉన్నారు. ఆయన దేన్నైనా తెరుస్తారు."

ముప్పై నాలుగేళ్లు మిల్లులు నడిపించిన అధికారి ఒక అద్దం బిళ్ల చేతపట్టుకుని సందుల్లో దారి అడుగుతూ వెళ్లడం ఎంత అందమైన దృశ్యం! వినయం నేర్పే పాఠశాల ఇంతకంటే ఉందా?

జితేంద్రకి నలభై దాటాయి. వాళ్ల నాన్న పాలకొండ నుంచి వచ్చాడు, ఇతను ఇక్కడే పుట్టాడు. కాబట్టి అతని తెలుగు పాలకొండలో బయల్దేరి దుర్గ్ స్టేషన్లో హిందీలోకి దిగుతుంది. ఫోను చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గురుమూర్తిగారికి అతని మీద నమ్మకం కుదిరింది. ఆయన గేరుబాక్సుని వినే పద్ధతి కూడా అదే.

"చూడండి అంకుల్. ఫోన్లన్నీ బరాబర్ కాదు. ఇదిగో, ఈ ట్రేలో ఉన్నవి గోరుతో ఖుల్తాయి. బ్యాటరీ మీరే మార్చుకోవచ్చు. ఈ రెండో ట్రేవి స్క్రూలవి. ఓపికుంటే పదినిమిషాలు. మూడోవి గమ్ పెట్టినవి, వేడి చేసి లేపాలి. లేస్తే లేస్తాది, నయ్‌తో అద్దం పగుల్తాది."

"మరి నాది?"

"మీది నాలుగో రకం. గమ్ కూడా ఉంది, పైన నఖ్రా కూడా ఉంది. తెరిచి అసలు కంపెనీ పార్టే వేసినా ఒప్పుకోదు. 'ఈ పార్టు ఎవరో నాకు తెలీదు' అని స్క్రీన్ మీద రాస్తాది."

"అత్తగారిలా" అన్నారు గురుమూర్తిగారు అప్రయత్నంగా.

"అత్తగారు రెండేళ్లకైనా మానుతారు అంకుల్. ఇది మానదు."

వేడిగాలి పెట్టి, సన్నటి ప్లాస్టిక్ రేకు దూర్చి, ఊపిరి బిగబట్టి జితేంద్ర అద్దం లేపాడు. గురుమూర్తిగారు కళ్లజోడు సర్దుకుని లోపలికి వంగారు. బ్యాటరీని బెల్లంపాకంలో జీడిపప్పులా జిగురులో ముంచేశారు. చిప్పులన్నీ బోర్డుకి అతికించేశారు. ఏదీ విడిగా ఊడి రాదు.

"ఎవడయ్యా దీన్ని డిజైన్ చేసింది? మా మిల్లులో ఎవడైనా ఇలా బిగిస్తే చార్జిషీటు ఇచ్చేవాణ్ణి!"

"వెనకటి ఫోన్లలో ఒక చిన్న కార్డు ఉండేది అంకుల్. తీసి ఇంకో ఫోన్లో పెడితే అంతా వచ్చేసేది. ఆ కార్డుకి జాగా తీసేశారు. ఎందుకంటే పత్లా చెయ్యాలి, సన్నగా. పత్లా, ఇంకా పత్లా! ఫోనేమైనా చూడీదార్ పైజామానా?"

జితేంద్ర మూడు రోజులు పోరాడాడు. నాలుగోరోజు గురుమూర్తిగారు వెళ్లేసరికి దుకాణంలో రేడియో కట్టేసి కూర్చున్నాడు.

"సారీ అంకుల్. మీవాళ్ల గొంతులకి లోపల తాళం వేసి ఉంది. ఆ తాళంచెవి ఒక చిప్‌లో ఉంది. ఆ చిప్పే కాలిపోయింది."

ఎంత భద్రం చూడండి! దొంగ ముట్టుకోలేడు, శత్రువు వినలేడు, సొంతదారుకి కూడా అందదు. భద్రత అంటే ఇదీ!

గురుమూర్తిగారు రెండురోజులు మంచం దిగలేదు. మూడోరోజు మణిమాల ఒక రెండువందల పేజీల నోటుబుక్కూ, పెన్నూ తెచ్చి ఆయన పక్కన పెట్టింది. "మనుషులు టబ్బులో పడలేదుగా. మళ్లీ వెళ్లి అడగండి" అంది.

అలా రెండోసారి బయల్దేరారు. ముందు ఉతైలో పోలయ్య ఇంటికి.

పోలయ్య ప్లాంటుకి పునాదులు తీసిన రోజుల్లో వచ్చినవాడు. పళ్లు లేవుగానీ మాటకి లోటు లేదు. అతని దగ్గర బొత్తాల ఫోనుంది, రబ్బరుబ్యాండు వేసి. "గెంజిలో పడ్డాది బావూ ఓపాలి. ఇప్పి, తుడిసి, ఎండలో ఎట్టినాను. మళ్లీ మోగతంది" అన్నాడు. గురుమూర్తిగారు ఆ ఫోనుకేసి గుటకవేస్తూ చూశారు.

తర్వాత పోలయ్య చెప్పడం మొదలుపెట్టాడు. గురుమూర్తిగారు రాస్తూ రాస్తూ ఆగారు.

"పోలయ్యా, కిందటిసారి మట్టి మోశానన్నావు. ఇప్పుడు ఫర్నేసు నువ్వే ముట్టించానంటున్నావు?"

"మొన్న నీ ఫోను సూసి బయమేసింది బావూ. ఎవులింటారో ఏటో అని తగ్గించి సెప్పినాను."

చూశారా! ఫోను చావకపోతే ఈ ఫర్నేసు రహస్యం బయటికొచ్చేదా? ఊరూరా ఇదే వరస. నోటుబుక్కు ముందు జనం ధారాళంగా మాట్లాడారు. మొదటిసారి జ్వరంతో రైలు దిగినవాడు రెండోసారి పులితో పోరాడి దిగాడు. రాసుకోవాలి కాబట్టి గురుమూర్తిగారు వినక తప్పలేదు. అనుమానం వస్తే అడిగారు. వాళ్లు తిట్టారు. ఈయన నవ్వారు. ముప్పైమంది పూర్తయ్యారు. నిజం చెప్పాలంటే, పుస్తకం మొదటిదానికంటే బాగా వస్తోంది.

ఇక మిగిలింది రుఆబాంధాలో జ్ఞానప్రసూనమ్మ.

ఎనభై నాలుగేళ్ల మనిషి. భర్త రైల్వేలో గార్డుగా చేసి పోయాడు. ఆవిడ ప్లాంటు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. భిలాయిలో సగంమందికి ఇంజక్షన్లు ఇచ్చిన చెయ్యి, అందరికీ సిస్టరమ్మే. గురుమూర్తిగారు వెళ్లేసరికి కరకరలాడే గులాబీపువ్వులు నూనెలో వేయించి డబ్బాలో సర్దుతోంది.

"ఫోను పాడైంది సిస్టరమ్మా. మీరు చెప్పినదంతా పోయింది."

"పోతే పోనీ బాబూ. నేను చెప్పింది ఫోనుకా? నీకు కదా. రాసేసుకో."

గురుమూర్తిగారు నోటుబుక్కు తెరిచారు. పెన్ను మూత తీశారు. పైన ఆవిడ పేరు రాశారు. కింద గీత గీశారు. గీత కింద ఇంకో గీత గీశారు.

"రాయవేటి బాబూ?"

"ఎక్కణ్ణించి మొదలుపెట్టారో కాస్త గుర్తుచేస్తే..."

ఆవిడ చేతిలో గులాబీపువ్వు డబ్బాలో పెట్టేసి ఆయనకేసి చూసింది.

"నీకు గుర్తు లేదేటి?"

ఆయనకు ఆ మధ్యాహ్నం బాగానే గుర్తుంది. ఇదే కుర్చీ. నెత్తిమీద ఇదే ఫ్యాను. తిరిగినప్పుడల్లా కిర్రుమంటోంది. బేరింగు ఎండిపోయింది, రెండు చుక్కలు నూనె వేస్తే సరిపోతుంది అనుకుంటూ కూర్చున్నారు. ఆవిడ గొంతు మధ్యలో ఎక్కడో ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. అప్పుడాయన ఫోనుకేసి చూశారు, రికార్డవుతోందో లేదో అని. అవుతోంది. తృప్తిగా తల ఊపారు.

"లేదమ్మా" అన్నారు.

"మరి బుర్ర ఊపినావు."

"ఊపానమ్మా."

"నేను ఏడిసినప్పుడు కూడా ఊపినావు."

ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

"మా ఆయనికి కూడా చెప్పలేదు బాబూ ఆ సంగతి. అరవై ఏళ్లలో ఒక్కపాలి చెప్పినాను. రెండోపాలి నావల్ల కాదు."

కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. "మణిమాలకి ఇయ్యి" అని డబ్బా చేతిలో పెట్టి పంపించింది.

ఇంటికొచ్చి భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పారు. మణిమాల ఒక గులాబీపువ్వు తుంపి నోట్లో వేసుకుంది.

"నలభై ఏళ్లుగా నా ముందు కూడా అలాగే ఊపుతున్నారు. నేను రికార్డు చెయ్యలేదు గనక బయటపడలేదు" అంది.

పుస్తకం అచ్చయింది. ముప్పైమంది కథలు, చివర ఒక తెల్లకాగితం. దాని నెత్తిన 'జ్ఞానప్రసూన' అని పేరు, అంతే. ప్రెస్సువాడు పొరపాటనుకుని రెండుసార్లు అడిగాడు. "అలాగే ఉంచండి" అన్నారు గురుమూర్తిగారు.

ఒక ఆదివారం పొద్దున్న సమాజం హాల్లో ఆవిష్కరణ. ముందు వరసలో సిస్టరమ్మ. వెనక జితేంద్ర దుకాణం మూసుకుని మరీ వచ్చాడు. గురుమూర్తిగారు రాసుకొచ్చిన ఉపన్యాసం తీశారు.

"కొన్నవాడు తెరుచుకోలేని వస్తువు, కొన్నవాడిదెలా అవుతుంది? ఈ పుస్తకం చివర పేజీ ఖాళీగా ఉండడానికి కారణం..."

జితేంద్ర ఈలవేశాడు. హాలంతా చప్పట్లు. అందరి జేబుల్లోనూ ఒక్కో అద్దం బిళ్ల ఉంది మరి! గురుమూర్తిగారు చప్పట్లు ఆగేదాకా నిలబడ్డారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"కారణం ఫోనని రాసుకొచ్చాను. కంపెనీని ఇంకో రెండు పేజీలు తిట్టాను, అవన్నీ నిజాలే. కానీ ఈ పేజీ సంగతి వేరు. సిస్టరమ్మగారు చెబుతుంటే ఫోను విన్నది. నేను ఫ్యాను విన్నాను."

ఈసారి చప్పట్లు లేవు. ముందు వరసలోంచి సిస్టరమ్మ గొంతు వినిపించింది.

"ఫ్యానేటి?"

"మీ ఇంట్లో ఫ్యానమ్మా. బేరింగు కిర్రుమంటోంది. అది వింటూ కూర్చున్నాను."

ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వి, కళ్లు ఒత్తుకుని, చెయ్యి చాచింది.

"ఆ పెన్ను ఇలాగియ్యి."

తన ప్రతి ఒళ్లో పెట్టుకుని, చివరి పేజీ తీసి రాయడం మొదలుపెట్టింది. పావుగంట రాసింది. అవతల ఉప్మా చల్లారిపోతున్నా ఎవరూ లేవలేదు. రాసి, ఊది, పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

సమాజం ప్రెసిడెంటు చేతులు కట్టుకుని వచ్చాడు. "అమ్మా, మాకూ చూపిస్తే రెండో ముద్రణలో..."

"చూపించను. ఇది నాది బాబూ. నేను మూసినాను. నాకు తోచినప్పుడు నేనే తీస్తాను."

కంపెనీలవారికి మనవి. మూయడమంటే అదీ! ఎవరిదో వారే మూసుకోవాలి, తాళంచెవి వారి దగ్గరే ఉండాలి. మా డబ్బుతో మేం కొన్న వస్తువుని మా చేతికందకుండా జిగురుపెట్టి మూసే హక్కు మీకెవరిచ్చారు? జితేంద్ర చేతిలో స్క్రూడ్రైవరు పనికిరాకుండా చేసి, దానికి అందమని పేరుపెట్టింది ఎవరు? వరాల సంగతి ఇంతసేపు చెప్పానుగానీ, అయ్యా, నాలుగు స్క్రూలు పెట్టండి. ఒక మూత పెట్టండి. మేం విననిది ఎలాగూ మాకు పోతుంది. విందామని మళ్లీ వెతుక్కున్నదైనా మాకు దక్కనివ్వండి.

గురుమూర్తిగారు ఇప్పుడు ప్రతి గురువారం సిస్టరమ్మ ఇంటికి వెళుతున్నారు. కొత్త ఫోను ఇంట్లో పెట్టి, ఉత్త చేతులతో. ఆవిడ ఆసుపత్రి సంగతులు, రైల్వే క్వార్టర్ల సంగతులు, భర్త వేసుకునే తెల్ల యూనిఫాం ఉతకడానికి పడ్డ పాట్లు చెబుతుంది. పుస్తకం అలమరలో ఉంది. ఆయన దానికేసి చూడరు, దాని గురించి అడగరు.

తొమ్మిది గురువారాలు గడిచాయి. పదో గురువారం ఆయన చెప్పులేసుకుంటుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

"వచ్చే వారం కొంచెం పెందలకడే రా బాబూ. చెప్పడానికి టైము పడతాది."